విడిగా పాస్, కలిపి రన్ చేస్తే ఫెయిల్: టెస్టుల్లో క్లీనప్ సమస్యలు

సమస్య: ఒక్కటే రన్ చేస్తే పాస్, మొత్తం సూట్‌తో కలిపితే ఫెయిల్

ప్రోగ్రామ్ సరిగ్గా పనిచేస్తోందో లేదో చూసే చిన్న కోడే టెస్టు, అలాంటివన్నీ కలిపితే సూట్. యూజర్ల సంఖ్య 1 ఉండాలని చూసే టెస్టుకు 2 వస్తుంది. ఆ టెస్టు కోడ్ ఎంతసేపు చదివినా తప్పు కనిపించదు, ఎందుకంటే చాలాసార్లు తప్పు అందులో ఉండదు. అంతకుముందు నడిచిన టెస్టు ఏదో ఒక యూజర్‌ని సృష్టించి, తీసేయకుండా, అంటే క్లీనప్ చేయకుండా, వెళ్లిపోయింది.

ముందు ఆ టెస్టు ఏదో కనిపెట్టాలి. ముందు నడిచినవాటిలో సగం తీసేసి మళ్లీ రన్ చేయండి. ఇంకా ఫెయిలవుతుంటే అది మిగిలిన సగంలోనే ఉంది. ఇలా సగం సగం చేసుకుంటూ పోతే త్వరగానే దొరుకుతుంది. పైథాన్ టెస్టు టూల్ పైటెస్ట్ వాడేవాళ్లు ఫిక్స్‌చర్ (టెస్టుకు కావాల్సినవి సిద్ధం చేసే ఫంక్షన్) స్కోప్ కూడా, అంటే అది సిద్ధం చేసింది ఎంతసేపు ఉంటుందో కూడా, చూడాలి. సెషన్ స్కోప్ పెడితే ఒకే వస్తువును టెస్టులన్నీ పంచుకుంటాయి. మార్పులకు లోనయ్యే వాటికి ప్రతి టెస్టుకూ కొత్తది ఇచ్చే ఫంక్షన్ స్కోపే మంచిది, డిఫాల్ట్ కూడా అదే. డేటాబేస్ అయితే ప్రతి టెస్టునూ ఒక ట్రాన్సాక్షన్‌లో నడిపి చివర రోల్‌బ్యాక్ చేయండి, అంటే అందులో చేసిన మార్పులన్నీ వెనక్కి తీసుకోండి. పైథాన్ వెబ్ ఫ్రేమ్‌వర్క్ జాంగోలోని టెస్ట్‌కేస్ క్లాస్ ఆ పని తనే చేస్తుంది.

సమస్య: టియర్‌డౌన్ రాశాను, అయినా సర్వర్ ఆగలేదు

నన్ను అన్నిటికంటే ఎక్కువ టెన్షన్ పెట్టింది ఇదే. పైథాన్‌తోపాటే వచ్చే టెస్టు లైబ్రరీ యూనిట్‌టెస్ట్‌లో సెటప్ (టెస్టుకు ముందు నడిచే కోడ్) మధ్యలో ఎర్రర్ వస్తే టియర్‌డౌన్ (టెస్టు తర్వాత శుభ్రం చేసే కోడ్) అసలు నడవదు. సెటప్‌లో ముందు ఫోల్డర్, తర్వాత సర్వర్, ఆ తర్వాత డేటాబేస్ కనెక్షన్ తెరుస్తున్నారనుకుందాం. కనెక్షన్ దగ్గర ఎర్రర్ వస్తే సర్వర్ నడుస్తూనే ఉంటుంది, దాన్ని ఆపే లైను దాకా ఎవరూ వెళ్లరు.

అందుకే సర్వర్ మొదలైన వెంటనే, తర్వాతి లైన్లోనే, దాన్ని ఆపే పనిని యాడ్‌క్లీనప్‌తో నమోదు చేయండి. సెటప్ సగంలో ఆగినా ఇది నడుస్తుంది. చివర నమోదైనది ముందు నడుస్తుంది కాబట్టి తెరిచిన వరుసకు ఎదురు వరుసలో మూతపడతాయి. పైటెస్ట్ ఫిక్స్‌చర్‌లో యీల్డ్ అనే లైనుకు ముందు రాసేది సెటప్, తర్వాత రాసేది క్లీనప్. అక్కడ కూడా యీల్డ్ కంటే ముందు ఎర్రర్ వస్తే, ఆ ఫిక్స్‌చర్‌లో యీల్డ్ తర్వాత రాసిన కోడ్ నడవదు. ఒక్కో రిసోర్స్‌కి ఒక్కో ఫిక్స్‌చర్ రాసుకుంటే ఈ బాధ తప్పుతుంది.

టెస్టు ఫెయిలైనప్పుడు మాత్రమే చెత్త మిగులుతోందా? క్లీనప్‌ని అసర్ట్ (ఫలితాన్ని సరిచూసే లైను, తప్పైతే టెస్టు అక్కడే ఆగుతుంది) కింద రాసి ఉంటారు. అక్కడి నుంచి తీసి ఫిక్స్‌చర్‌లోకి మార్చండి.

సమస్య: పోర్టు ఇప్పటికే వాడుకలో ఉందనే ఎర్రర్

పోర్టు నంబర్ కోడ్‌లో రాసేయకండి. 0 ఇస్తే ఆపరేటింగ్ సిస్టమే ఖాళీ పోర్టు ఇస్తుంది. ఏది వచ్చిందో సర్వర్‌ని అడిగి వాడుకోండి.

సమస్య: విండోస్‌లో ఫోల్డర్ డిలీట్ కావడం లేదు

చాలాసార్లు లోపల ఏదో ఫైల్ తెరిచే ఉంటుంది. ఫైళ్లను పైథాన్ విత్ బ్లాక్‌లో తెరవండి, బ్లాక్ అయిపోగానే అవే మూతపడతాయి.

సమస్య: అన్నీ సరిగ్గా రాసినా అప్పుడప్పుడు పాత డేటా కనిపిస్తోంది

టైమ్ అవుట్ అయ్యి ప్రాసెస్‌ని బలవంతంగా చంపేస్తే ఏ క్లీనప్పూ నడవదు. కాబట్టి టెస్టు డేటాబేస్‌కి ప్రతి రన్‌లో కొత్త పేరు పెట్టండి, మిగిలిపోయిన పాతవాటిని రన్ మొదట్లోనే తుడిచేయండి.