బడి బస్సుపై తల్లిదండ్రుల పర్యవేక్షణ: ఏమి చూడాలి, ఎవరిని అడగాలి

ఆంధ్రప్రదేశ్‌లోను, తెలంగాణలోను విద్యాసంస్థల బస్సుల ఫిట్‌నెస్ గడువు ఏటా మే 15తో ముగుస్తుంది. జూన్‌లో బడులు తెరిచేలోగా ప్రతి బస్సూ మోటారు వాహనాల తనిఖీ అధికారి ముందు నిలిచి, కొత్త ధ్రువపత్రం పొందాలి. ఇది అవసరమైన ఏర్పాటే గాని, ఆ పత్రం తనిఖీ జరిగిన రోజున బస్సు ఎలా ఉందో మాత్రమే చెబుతుంది. ఆగస్టు నాటికి అరిగిపోయిన టైరునూ, సంక్రాంతి సెలవుల తరువాత మారిన డ్రైవరునూ గమనించగలిగేది రోజూ ఆ బస్సు ఎక్కే పిల్లల తల్లిదండ్రులే.

మొదట కాగితాలు చూడండి. బస్సు రిజిస్ట్రేషన్ నంబరును ఎం-పరివాహన్ యాప్‌లో గాని, రాష్ట్ర రవాణా శాఖ వెబ్‌సైట్‌లో గాని నమోదు చేసి ఫిట్‌నెస్, బీమా, కాలుష్య ధ్రువపత్రాల గడువులు తెలుసుకోండి. వివరాలు దొరకకపోతే వాటి నకళ్లు చూపమని బడి యాజమాన్యాన్ని రాతపూర్వకంగా అడగండి.

తరువాతిది తల్లిదండ్రుల కమిటీ. ఇది యాజమాన్యం దయతో దక్కేది కాదు. బడి బస్సుల స్థితిగతులను నెలనెలా పరిశీలించేందుకు తల్లిదండ్రులతో కమిటీ ఉండాలని రెండు రాష్ట్రాల రవాణా శాఖలూ నిర్దేశిస్తున్నాయి. మీ బడిలో అది లేకపోతే నలుగురైదుగురు కలిసి సంతకాలు చేసి, ఏర్పాటు చేయమని ప్రధానోపాధ్యాయులకు లేఖ ఇచ్చి, అందినట్లు రసీదు తీసుకోండి. కమిటీ బస్సు ఎక్కినప్పుడు అత్యవసర ద్వారాన్ని చూసి వదిలేయకుండా తెరిపించాలి. తుప్పుపట్టి బిగుసుకున్న తలుపు ఉన్నా లేనట్లే. అగ్నిమాపక సిలిండరుపై గడువు తేదీ, ప్రథమ చికిత్స పెట్టెలోని మందులు, కిటికీలకు అడ్డంగా ఉన్న కడ్డీలు, చిన్న పిల్లలకు మొదటి మెట్టు అందుతున్న తీరు, పిల్లలను ఎక్కించి దించే సహాయకులు నిజంగా బస్సులో ఉన్నారా అన్న సంగతి, సీట్లకు మించి ఎందరిని ఎక్కిస్తున్నారన్నది ఒక పుస్తకంలో తేదీతో రాసి యాజమాన్యం చేత సంతకం చేయించాలి. మరుసటి నెల పరిశీలన ఆ పుస్తకంలోని పాత లోపాలతోనే మొదలు కావాలి.

డ్రైవరు విషయంలో మొహమాటం అక్కరలేదు. భారీ వాహనాలు నడపడంలో కనీసం అయిదేళ్ల అనుభవం ఉండాలని సుప్రీంకోర్టు 1997లోనే ఢిల్లీ బడి బస్సుల విషయంలో ఆదేశించింది. మన రాష్ట్రాల్లోనూ అదే ప్రమాణంతో పాటు అరవై ఏళ్ల వయోపరిమితి, కంటిచూపు, రక్తపోటు పరీక్షల షరతులు ఉన్నాయి. అసలు డ్రైవరు సెలవు పెట్టిన రోజున ఎవరు నడుపుతారో కూడా ముందే అడిగి తెలుసుకోండి. 2014 జూలై 24న మెదక్ జిల్లా మాసాయిపేట వద్ద కాపలాలేని రైల్వే గేటు దాటుతున్న బడి బస్సును రైలు ఢీకొని పదిమందికి పైగా పిల్లలు ప్రాణాలు కోల్పోయారు. అటువంటి గేట్లను బ్రాడ్‌గేజ్ మార్గాల్లో ఆ తరువాత తొలగించినప్పటికీ, కాలువ గట్లూ, జాతీయ రహదారిపై ఎదురుదారిలో వెళ్లే అలవాట్లూ పోలేదు. అందుచేత కమిటీ సభ్యులొకరు నెలకొకసారైనా బస్సులో మొదటి స్టాపు నుంచి బడి దాకా ప్రయాణించడం మంచిది.

డబ్బు లెక్కను భద్రత నుంచి విడదీయకూడదు. రవాణా రుసుముకు విడిగా రసీదు అడగండి. డీజిలు, జీతాలు, బీమా, మరమ్మతులకు ఏడాదిలో ఎంత ఖర్చయిందో కమిటీ ముందు పెట్టమనండి. పొదుపు పేరిట మొదట కోతపడేది సహాయకుల జీతమూ, టైర్ల మార్పూ అయినప్పుడు, రుసుము పెంపు కంటే అదే పెద్ద విషయం. ప్రభుత్వ బడుల్లో దూరం నుంచి వచ్చే అర్హులైన పిల్లలకు సమగ్ర శిక్ష అనే విద్యా పథకం కింద ఏడాదికి 6,000 రూపాయల వరకు రవాణా భత్యం ఇచ్చే వీలుంది. ఆ జాబితాలో ఎవరున్నారో, సొమ్ము ఏ నెల వరకు అందిందో అడిగే అధికారం, విద్యాహక్కు చట్టం 21వ సెక్షన్ ప్రకారం గ్రాంట్ల వినియోగాన్ని పర్యవేక్షించవలసిన పాఠశాల యాజమాన్య కమిటీకి ఉంది.

యాజమాన్యం జవాబు ఇవ్వకపోతే సమాచార హక్కు చట్టాన్ని ఉపయోగించండి. ప్రైవేటు బడికి నేరుగా దరఖాస్తు పెట్టడం కంటే, ఆ బస్సు రికార్డులున్న జిల్లా రవాణా కార్యాలయ పౌర సమాచార అధికారికి 10 రూపాయల రుసుముతో దరఖాస్తు చేయడం మేలు. ఫలానా నంబరు బస్సుకు చివరి తనిఖీ ఎప్పుడు జరిగింది, ఏ లోపాలు రాశారు, ఎన్ని కేసులు పెట్టారు అని విడివిడిగా, సూటిగా అడగండి. 30 రోజుల్లో సమాధానం రాకపోతే, ఆ గడువు ముగిసిన 30 రోజుల్లోగా అదే కార్యాలయంలోని పై అధికారికి మొదటి అప్పీలు చేయవచ్చు.

బ్రేకులు సరిగా లేవనో, డ్రైవరు తాగి ఉన్నాడనో తెలిస్తే మాత్రం కాగితాల కోసం ఆగకండి. వెంటనే 112కు ఫోన్ చేసి, రవాణా శాఖకు తెలియజేసి, పిల్లలను ఆ బస్సు ఎక్కించకండి. అంత తక్షణ ప్రమాదం లేని ఫిర్యాదులను సోమవారం కలెక్టరేట్‌లో జరిగే అర్జీల స్వీకరణలో కమిటీ పుస్తకం నకలు జతచేసి ఇచ్చి, అర్జీ నంబరు తీసుకోండి.