ఉప్పునీటి పూల్‌లో క్లోరిన్ నిలవకపోతే: నా అనుభవం

అనంతపురం శివార్లలో మా తోటలో ఉన్న 50,000 లీటర్ల పూల్ సంగతి ఇది. పొద్దున క్లోరిన్ 3 పీపీఎం (లీటరుకు 3 మిల్లీగ్రాములు), మధ్యాహ్నం దాటితే టెస్ట్ గొట్టంలో చుక్కలు వేసినా పసుపు రంగే తిరిగేది కాదు. ఉప్పు కలపడం, సెల్ (ఉప్పు నుంచి క్లోరిన్ తయారుచేసే పరికరం) శాతం పెంచడం, ప్లేట్లు యాసిడ్‌తో కడగడం, బ్లీచింగ్ వేయడం అన్నీ అయ్యాయి, గుణం కనబడలేదు.

దారి చూపింది రాత్రి పరీక్ష. పొద్దు గుంకాక సెల్ ఆపి క్లోరిన్ కొలిచాను, తెల్లారి ఎండ పడకముందే మళ్లీ కొలిచాను. పెద్దగా తగ్గలేదు. అంటే తినేస్తున్నది పాచి కాదు, ఎండ. అప్పుడు స్టెబిలైజర్, అంటే ఎండకు క్లోరిన్ పోకుండా కాపాడే సైన్యూరిక్ యాసిడ్, చూస్తే 30 పీపీఎం కూడా లేదు. ఎండాకాలం ముందు పూల్ ఖాళీ చేసి ట్యాంకర్ నీళ్లు నింపాం, పాతది ఆ నీళ్లతోనే పోయింది. ఉప్పునీటి పూల్‌కు మామూలుగా 60 నుంచి 80 ఉండాలంటారు.

40 పెంచడానికి 2 కిలోలు పట్టింది. పొడి నేరుగా చల్లకూడదు, అడుగున పేరుకుంటుంది. పాత సాక్సులో పోసి, మూతి కట్టి, నీళ్లు తిరిగొచ్చే గొట్టం ముందు వేలాడదీశాను. పంపు ఆడుతుండగా గ్లోవ్స్ వేసుకుని అప్పుడప్పుడూ పిసికాను. కరిగాక కూడా వారం దాకా ఫిల్టర్ బ్యాక్‌వాష్ (నీళ్లు వెనక్కి తిప్పి కడగడం) చేయలేదు. తర్వాత పీహెచ్ 7.4కు సరిచేసి సెల్ వేశాను. ఇప్పుడు సాయంత్రం కూడా 2 ఉంటోంది.

నీడలో ఉన్న పూల్‌కు ఇది వర్తించకపోవచ్చు. రాత్రిపూట కూడా క్లోరిన్ పడిపోతుంటే ముందు పాచి సంగతి చూడండి. స్టెబిలైజర్ ఒక్కసారే ఎక్కువ మాత్రం వేయకండి: మించితే నీళ్లు తీసి కొత్తవి నింపడమే దారి, మన సీమలో ఆ నీళ్లు ఎక్కడివి?