ఎవరెస్టు నుంచి మహేంద్రగిరి దాకా: ఇంగ్లీషు సూపర్లేటివ్ నేర్పే పద్ధతి

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఏ బడికి వెళ్లినా ఏడో తరగతి పిల్లలు "గుడ్, బెటర్, బెస్ట్, బిగ్, బిగ్గర్, బిగ్గెస్ట్" అని ఊపిరి తీసుకోకుండా అప్పజెప్పేస్తారు. అదే పిల్లల్ని ఎవరెస్టు మీద ఒక్క వాక్యం రాయమంటే "ఎవరెస్ట్ ఈజ్ హై దాన్ ఆల్ మౌంటెన్స్" అని రాస్తారు. కారణం మన వాక్యం కట్టులోనే ఉంది. "దేవమాలి మహేంద్రగిరి కన్నా ఎత్తు", "ఎవరెస్టు అన్నిటికన్నా ఎత్తు" అంటాం. రెండుచోట్లా "కన్నా"తోనే పని జరిగిపోతుంది, "ఎత్తు" మారదు. ఇంగ్లీషులో రెండిటిని పోల్చడానికి ఒక రూపం, గుంపులోంచి ఒకదాన్ని తీసి చూపడానికి ఇంకో రూపం (సూపర్లేటివ్ అంటే ఇదే) ఉంటాయి. రెండోదాని ముందు "ద" కూడా కావాలి. పట్టిక బట్టీపడితే మాట వస్తుంది గానీ వాక్యం రాదు.

వాక్యం రావాలంటే అంకెలున్న విషయాలతో మొదలుపెట్టాలి. కొండలు, సరస్సులు, కట్టడాలు ఇందుకు బాగా పనికొస్తాయి. ఏది పెద్దదో అంకె చెప్పేస్తుంది కాబట్టి పిల్లల దృష్టంతా వాక్యం మీద ఉంటుంది. రాసే ప్రతి వాక్యాన్నీ మూడు ప్రశ్నలు అడగాలి. ఏ కొలతలో? ఎక్కడ, లేదా వేటిలో? అది ఒక్కటేనా, లేక కొన్నిటిలో ఒకటా? నేర్పాల్సిందంతా ఈ మూడింటిలోనే ఉంది. స్పెల్లింగు ఆ తరవాతి సంగతి.

కార్డుల తయారీ

చార్టు అట్టను పోస్టుకార్డు సైజులో 14 ముక్కలు చేయండి. సగం ప్రపంచానివి, సగం మనవి. ఒక్కో కార్డు మీద పేరు, అది ఏమిటి, అంకె, ఎక్కడుంది అనే నాలుగే ఉండాలి. విశేషణం రాయకూడదు. "హై" అని కార్డు మీదే ఉంటే పిల్లలు దాన్ని ఎత్తి రాసేస్తారు, ఆలోచించరు.

ప్రపంచం కార్డులకు ఇవి చాలు: ఎవరెస్టు 8,848.86 మీటర్లు. రష్యాలోని బైకాల్ సరస్సు, లోతు 1,642 మీటర్లు. వెనెజువెలాలోని ఏంజెల్ జలపాతం 979 మీటర్లు. దుబాయి బుర్జ్ ఖలీఫా 828 మీటర్లు, 2010. టోక్యో స్కైట్రీ 634 మీటర్లు. గుజరాత్‌లోని ఐక్యతా విగ్రహం 182 మీటర్లు, 2018. ఈజిప్టులోని గీజా మహా పిరమిడ్, వయసు సుమారు 4,500 ఏళ్లు.

మన కార్డులకు: మందస పక్కన ఒడిశా సరిహద్దులో మహేంద్రగిరి, 1,501 మీటర్లు. కోరాపుట్‌లోని దేవమాలి, 1,672 మీటర్లు. ఒడిశాలో అదే ఎత్తైన శిఖరం. నాగావళి, వంశధార, రెండూ దాదాపు 250 కిలోమీటర్ల నదులే. 1713లో కట్టిన విజయనగరం కోట. సుమారు రెండు వేల ఏళ్ల నాటి శాలిహుండం బౌద్ధ స్తూపాలు. పొందూరు ఖద్దరు.

ఇంకా స్థానిక కార్డులు కావాలంటే పిల్లల చేతే కొలిపించండి. బడి దగ్గర తాటిచెట్టు, నీళ్ల ట్యాంకు, సెల్ టవరు ఉంటే చాలు. ఎండలో మీటరు కర్ర నిలువుగా పెట్టి దాని నీడ కొలవాలి, వెంటనే చెట్టు నీడ కూడా కొలవాలి. కర్ర నీడ 80 సెంటీమీటర్లు, చెట్టు నీడ 12 మీటర్లు వస్తే 12ను 0.8తో భాగించండి. చెట్టు ఎత్తు 15 మీటర్లు. రెండు కొలతలకీ మధ్య పావుగంట గడిచినా నీడ జరిగిపోయి లెక్క తప్పుతుంది. మిట్టమధ్యాహ్నం వద్దు, నీడ మరీ పొట్టిగా ఉంటే చిన్న పొరపాటు కూడా పెద్ద తేడా తెస్తుంది.

మొదటి పీరియడు: రెండు కార్డులు, తరవాత మూడు

మొదటే సూపర్లేటివ్ ఎత్తుకోవద్దు. మహేంద్రగిరి, దేవమాలి కార్డులు రెండే చూపించి "దేవమాలి ఈజ్ హైయర్ దాన్ మహేంద్రగిరి" అనిపించండి. ఇప్పుడు పక్కన ఎవరెస్టు పెట్టండి. "ఆఫ్ ద త్రీ, ఎవరెస్ట్ ఈజ్ ద హైయెస్ట్." మూడో కార్డు వచ్చేసరికి "దాన్" పోయి "ద" వచ్చింది. ఈ మార్పును కళ్లారా చూస్తేనే "హైయెస్ట్ దాన్ ఆల్" అనే తప్పు తగ్గుతుంది. నాగావళి, వంశధార కార్డులు చేతికిస్తే కొందరు ఏదో ఒకదాన్ని "లాంగెస్ట్" చేసేస్తారు. అక్కడ ఆపి "ద నాగావళి ఈజ్ ఆల్మోస్ట్ ఏజ్ లాంగ్ ఏజ్ ద వంశధార" అనే రూపం ఇవ్వండి. నది పేరు ముందు "ద" ఉంటుంది, కొండ పేరు ముందు ఉండదు. ఈ మాట ఇప్పుడే చెప్పేస్తే తరవాత దిద్దే పని తగ్గుతుంది.

"ఇన్", "ఆఫ్" తేడాకు ఒక్క సూత్రం సరిపోతుంది. చోటైతే "ఇన్", గుంపైతే "ఆఫ్". "ద హైయెస్ట్ పీక్ ఇన్ ఒడిషా". "ది ఓల్డెస్ట్ ఆఫ్ ద త్రీ". పిరమిడ్, శాలిహుండం, కోట కార్డులు మూడూ పక్కపక్కన పెడితే రెండోదానికి మంచి అభ్యాసం.

రూపాల సంగతి

ఇది పది నిమిషాల్లో ముగించాలి. ఒక్క ఉచ్చారణ ముక్క ఉన్న మాటలకు ఈఎస్టీ చేర్చాలి: డీపెస్ట్, ఓల్డెస్ట్. చివర ఇ ఉంటే ఎస్టీ చాలు: లార్జెస్ట్. ఒక అచ్చు, ఒక హల్లుతో ముగిస్తే హల్లు రెండవుతుంది: బిగ్గెస్ట్, హాటెస్ట్. డీప్‌లో అచ్చులు రెండు కాబట్టి పీ రెండు కాదు. ఎక్కువమంది తప్పేది ఇక్కడే. వైతో ముగిసేవాటిలో వై పోయి ఐ వస్తుంది: హెవియెస్ట్, బిజియెస్ట్. ఫేమస్, ఏన్షంట్, బ్యూటిఫుల్ లాంటి వాటికి ముందు మోస్ట్. మోస్టూ ఈఎస్టీ కలిపి వాడకూడదు. "మోస్ట్ హైయెస్ట్" రెండుసార్లు చెప్పినట్టు.

అసలు చిక్కు: ఏ కొలతలో?

సూపర్లేటివ్ అంటే ఒక వాదన. దానికి రుజువు కావాలి. ఈ సంగతి పిల్లలకు అర్థమయ్యేలా చెప్పడానికి ఎవరెస్టును మించినది లేదు, ఎందుకంటే దానికి పోటీదారులున్నారు. సముద్రమట్టం నుంచి కొలిస్తే ఎవరెస్టే. హవాయిలోని మౌనా కియా సముద్రమట్టం మీద 4,207 మీటర్లే, కానీ దాని అడుగు సముద్రం లోపలుంది. అడుగు నుంచి కొన దాకా కొలిస్తే పది వేల మీటర్లు దాటుతుంది. ఈక్వెడార్‌లోని చింబొరాజో ఎత్తు 6,263 మీటర్లు. భూమి భూమధ్యరేఖ దగ్గర కాస్త ఉబ్బి ఉంటుంది, చింబొరాజో ఆ రేఖకు దగ్గర్లో ఉంది. అందువల్ల భూకేంద్రం నుంచి కొలిస్తే దాని కొన ఎవరెస్టు కన్నా రెండు కిలోమీటర్ల దాకా ఎక్కువ దూరంలో ఉంటుంది. మూడు వాక్యాలూ బోర్డు మీద రాయించండి:

ఎవరెస్ట్ ఈజ్ ద హైయెస్ట్ మౌంటెన్ అబవ్ సీ లెవెల్.
మౌనా కియా ఈజ్ ద టాలెస్ట్ మౌంటెన్ ఫ్రమ్ బేస్ టు పీక్.
ద టాప్ ఆఫ్ చింబొరాజో ఈజ్ ద ఫార్థెస్ట్ పాయింట్ ఫ్రమ్ ద సెంటర్ ఆఫ్ ది ఎర్త్.

మూడూ నిజమే, ఒకదాన్నొకటి కొట్టేయడం లేదు. వాక్యం చివరి ముక్క తుడిచేస్తే గొడవ మొదలవుతుంది. తరగతిలో నిజంగానే తుడిచి చూపించండి.

సరస్సులతోనూ ఇదే ఆట ఆడొచ్చు. లోతులో బైకాల్ "డీపెస్ట్". విస్తీర్ణంలో కాస్పియన్ "లార్జెస్ట్", కానీ దాని నీరు ఉప్పన. మంచినీటి సరస్సుల్లో విస్తీర్ణంలో పెద్దది సుపీరియర్, నీటి పరిమాణంలో మళ్లీ బైకాలే. "లార్జెస్ట్ ఫ్రెష్‌వాటర్ లేక్ బై ఏరియా", "బై వాల్యూమ్" అనే ఆ "బై" వాడకం ఇక్కడే పట్టుబడుతుంది. ఎడారుల్లో సహారా "ద లార్జెస్ట్ హాట్ డెసర్ట్". "హాట్" తీసేస్తే ఆ పేరు అంటార్కిటికాకు పోతుంది. నదుల్లో నీటి పరిమాణంలో అమెజాన్‌కు తిరుగులేదు. పొడవులో ఎక్కువ పుస్తకాలు నైలు పేరే చెబుతాయి గానీ అమెజానే పొడవని వాదించే పరిశోధకులూ ఉన్నారు. అలాంటిచోట "ద నైల్ ఈజ్ యూజువల్లీ కాల్డ్ ద లాంగెస్ట్ రివర్ ఇన్ ద వరల్డ్" అని రాయడం నేర్పాలి.

కట్టడాలకు ఇంకో ప్రశ్న అదనం: ఎప్పుడు? బుర్జ్ ఖలీఫా 2010లో తెరిచేదాకా ప్రపంచంలో ఎత్తైన బిల్డింగు అనే పేరు తైవాన్‌లోని తైపే 101ది, ఎత్తు 508 మీటర్లు. కాబట్టి "తైపే 101 వాజ్ ద టాలెస్ట్ బిల్డింగ్ బిఫోర్ ద బుర్జ్ ఖలీఫా". "వాజ్" పడాలి. తరవాత వచ్చే నామవాచకం కూడా మారుతుంది: బుర్జ్ ఖలీఫా బిల్డింగుల్లో, స్కైట్రీ టవర్లలో, ఐక్యతా విగ్రహం స్టాచ్యూల్లో టాలెస్ట్. అంకెలు చూసి "బుర్జ్ ఖలీఫా ముందు విగ్రహం ఎంత?" అనే పిల్లవాడికి ఆ వరసలు వేరని చెప్పండి.

మన "ఎత్తు" ఇంగ్లీషులో రెండుగా చీలుతుంది. కట్టడాలు, చెట్లు, మనుషులు టాల్. శిఖరాలు మామూలుగా హై. "హైయెస్ట్ బాయ్ ఇన్ ద క్లాస్" అని రాస్తే తప్పే. "పెద్ద" ఇంకా చిక్కు: వయసులో పెద్దయితే ఓల్డెస్ట్, అన్నదమ్ముల్లో పెద్దయితే ఎల్డెస్ట్, విస్తీర్ణంలో లార్జెస్ట్, గొప్పలో గ్రేటెస్ట్. "పెద్దన్నయ్య"ను "బిగ్గెస్ట్ బ్రదర్" అనడం ఇక్కడ వారానికోసారైనా వినబడుతుంది.

ఊరి గొప్పలు, "వన్ ఆఫ్ ద"

మన వైపు ప్రతి మండలంలోనూ "ఆసియాలోనే అతి పెద్ద"ది ఏదో ఒకటి ఉంటుంది. చెరువో, విగ్రహమో, మర్రిచెట్టో. పిల్లలు ఆ మాటలే ఇంగ్లీషులోకి దించుతారు. రుజువు లేనప్పుడు ఎల్లను కుదించాలి. "ఇన్ ఏషియా" కొట్టేసి "ఇన్ అవర్ మండల్" రాస్తే వాక్యం నిజమవుతుంది, పిల్లలు వెళ్లి సరిచూసుకోగలరు కూడా. ఎల్ల సరిగ్గా ఉన్న వాక్యాలూ మన దగ్గరున్నాయి. "ఇచ్ఛాపురం ఈజ్ ద నార్దర్న్‌మోస్ట్ టౌన్ ఇన్ ఆంధ్రప్రదేశ్." ఇక్కడ మోస్ట్ మాట చివరికి అతుక్కుంటుందని చూపండి.

ఒక్కటే అని చెప్పలేనప్పుడు "వన్ ఆఫ్ ద". "మహేంద్రగిరి ఈజ్ వన్ ఆఫ్ ద హైయెస్ట్ పీక్స్ ఇన్ ది ఈస్టర్న్ ఘాట్స్." పీక్స్ బహువచనం, ఈజ్ ఏకవచనం. తెలుగులో "ఎత్తైన శిఖరాల్లో ఒకటి" అన్నప్పుడు "శిఖరాల్లో" అని బహువచనమే వాడతాం, అది గుర్తుచేస్తే చాలు.

పొందూరు ఖద్దరు కార్డుకు అంకె ఉండదు, కావాలనే అలా పెట్టాం. వాలుగ చేప దవడ ఎముకతో దూదిని శుభ్రం చేసి సన్నటి నూలు వడుకుతారు. "ఫైనెస్ట్" అంటే ఇక్కడ సన్నదనమా, గొప్పదనమా? సన్నదనమైతే నూలు నంబరుతో తేల్చవచ్చు. గొప్పదనమైతే అభిప్రాయం, అప్పుడు వాక్యానికి "ఐ థింక్" కావాలి. అరకు "మోస్ట్ బ్యూటిఫుల్" అనేదీ అంతే. "చాలా అందంగా ఉంది" అనే అర్థంలో "అరకు ఈజ్ మోస్ట్ బ్యూటిఫుల్" అని రాసే అలవాటుంది. వాళ్లు చెప్పదలచింది "వెరీ బ్యూటిఫుల్".

పరీక్షలో అడిగే మార్పు

ఒకే వాక్యాన్ని మూడు డిగ్రీల్లో, అంటే మామూలు రూపంలో, పోల్చే రూపంలో, సూపర్లేటివ్‌లో రాయమంటారు. ఎవరెస్టుతో: "నో అదర్ మౌంటెన్ ఇన్ ద వరల్డ్ ఈజ్ ఏజ్ హై ఏజ్ ఎవరెస్ట్." "ఎవరెస్ట్ ఈజ్ హైయర్ దాన్ ఎనీ అదర్ మౌంటెన్ ఇన్ ద వరల్డ్." "ఎవరెస్ట్ ఈజ్ ద హైయెస్ట్ మౌంటెన్ ఇన్ ద వరల్డ్." రెండోదాంట్లో "అదర్" వదిలేస్తే మార్కు పోతుంది. ఎవరెస్టు కూడా కొండే కదా, "అదర్" లేకపోతే అది తనకన్నా తానే ఎత్తయినట్టు. "వన్ ఆఫ్ ద" రకానికి వేరే వరస: "వెరీ ఫ్యూ పీక్స్ ఇన్ ది ఈస్టర్న్ ఘాట్స్ ఆర్ ఏజ్ హై ఏజ్ మహేంద్రగిరి", "మహేంద్రగిరి ఈజ్ హైయర్ దాన్ మోస్ట్ అదర్ పీక్స్ ఇన్ ది ఈస్టర్న్ ఘాట్స్". ఈ రెండు వరసల్ని కలిపేస్తే అర్థమే మారిపోతుంది. ప్రశ్నలో "వన్ ఆఫ్" ఉందా లేదా అన్నది ముందు చూసుకోమనండి.

పలకడంలో మూడు చోట్ల చూడండి. "మోస్టు", "హైయెస్టు" అని చివర ఉకారం రాకూడదు. "లాంగ్"లో చివరి గకారం వినబడదు, "లాంగ్గెస్ట్"లో వినబడుతుంది. అచ్చు ముందు "ది": ది ఓల్డెస్ట్, ది ఈజియెస్ట్.

చివరి పీరియడులో దిద్దించడానికి ఇవి ఇవ్వండి. ఒకదాంట్లో తప్పు లేదని ముందే చెప్పండి.

1. బైకాల్ ఈజ్ డీపెస్ట్ లేక్ ఇన్ ద వరల్డ్.
2. శాలిహుండం ఈజ్ వన్ ఆఫ్ ది ఓల్డ్ బుద్ధిస్ట్ సైట్ ఇన్ అవర్ డిస్ట్రిక్ట్.
3. ద స్టాచ్యూ ఆఫ్ యూనిటీ ఈజ్ ద వరల్డ్స్ టాలెస్ట్ స్టాచ్యూ.
4. ద గ్రేట్ పిరమిడ్ ఈజ్ ది ఓల్డెస్ట్ దాన్ ఆల్ ద సెవెన్ వండర్స్.
5. దేవమాలి ఈజ్ ఒడిషాస్ ద హైయెస్ట్ పీక్.

మొదటిదాంట్లో "ద" లేదు. రెండులో "ఓల్డెస్ట్", "సైట్స్" కావాలి. మూడు సరైనది; "వరల్డ్స్" అని యజమాని వచ్చాక "టాలెస్ట్" ముందు మళ్లీ "ద" అక్కర్లేదు, మొదట్లో ఉన్న "ద" వరల్డ్‌ది. నాలుగులో "దాన్ ఆల్" బదులు "ఆఫ్", పైగా ఇవి ప్రాచీన వింతలని తెలిసేలా "సెవెన్" తరవాత "ఏన్షంట్" చేర్చాలి, ఆ ఏడింటిలో ఇప్పటికీ నిలిచున్నది కూడా ఆ పిరమిడ్ ఒక్కటే. అయిదులో "ద" కొట్టేయాలి. మూడోదాన్ని తప్పని దిద్దినవాళ్లు అయిదోదాన్ని సరైనదనే వదిలేసి ఉంటారు. వాళ్లకు ఆ రెండూ పక్కపక్కన రాసి మళ్లీ చూపించండి.