గ్రూపులో ఆ వార్త పడినప్పుడు

మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో రోజూ ఉండే గొడవలు రెండే: లిఫ్ట్ ఆగింది, మంజీరా నీళ్లు రాలేదు. ఇంటర్ ఫలితాల రోజు వాటి మధ్యలో, ఫలానా వాళ్లబ్బాయి ఆత్మహత్య చేసుకున్నాడని మెసేజ్ పడితే?

సెక్రటరీగా నేనైతే ముందు అడ్మిన్లు మాత్రమే రాసేలా సెట్టింగ్ మారుస్తాను. లేకపోతే "ఎలా? ఎన్ని మార్కులట?" మొదలవుతుంది. ఫొటోలు పెడితే తీసేయండి. "పిరికివాడు" అనే పెద్దమనిషి ఒకాయన ఎక్కడైనా ఉంటాడు, ఆయనకు విడిగా ఫోన్ చేయండి.

ఆ ఇంటికి వెళ్తే కారణం అడగొద్దు. "నువ్వు గమనించలేదా అమ్మా?" అన్న మాట ఆ తల్లిని జీవితాంతం పొడుస్తుంది. ఫ్లాస్కులో టీ పట్టుకెళ్లండి, వచ్చినవాళ్లకు కుర్చీలు వేయండి. పిల్లాడి పేరు ఎత్తడానికి భయపడకండి. పదకొండో రోజు దాటాక జనం పలచబడతారు, అసలు వెళ్లాల్సింది అప్పుడే.

మీ ఇంట్లో పిల్లలు ముభావంగా ఉంటే "చచ్చిపోవాలనిపిస్తోందా?" అని సూటిగానే అడగండి. అడిగితే లేని ఆలోచన పుడుతుందన్నది అపోహ. అవునంటే ఒంటరిగా వదలకండి. 2022లో మొదలైన ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు పక్కనే కూర్చుని ఫోన్ చేయించండి. తెలుగులో మాట్లాడతారు, అర్ధరాత్రైనా ఎత్తుతారు, డబ్బులక్కర్లేదు.