చెరువు పాలిగన్ గీత గట్టు మీద ఎక్కడ పడాలి?

పశ్చిమ గోదావరి జిల్లాలోని ఆకివీడు, ఉండి ఊళ్ల వైపు శాటిలైట్ ఫొటో తెరిస్తే చెరువు పక్కన చెరువు, మధ్యలో సన్నటి గట్టు. మ్యాపులు గీసే సాఫ్ట్‌వేర్ క్యూజీఐఎస్‌లో వీటిని పాలిగన్లుగా, అంటే మూసిన ఆకారాలుగా గీసే ముందు ఒకటి తేల్చుకోండి: గీత నీటి అంచునా, గట్టు నడిమధ్యనా? నీటి విస్తీర్ణం కావాలంటే నీటి అంచు, హద్దులు కావాలంటే గట్టు మధ్య. కొన్ని అలా, కొన్ని ఇలా గీస్తే ఎకరాల లెక్క ఎందుకూ కొరగాదు.

మీరు గీసే లేయర్‌కి (పొరకి) ఈపీఎస్‌జీ 32644 అనే కోఆర్డినేట్ పద్ధతి పెట్టండి. ఇది యూటీఎం (భూమిని నిలువు పట్టీలుగా విడదీసే పద్ధతి) 44 ఉత్తర జోన్‌ది, గోదావరి డెల్టా అంతా ఆ జోన్‌లోనే ఉంది, కొలతలు మీటర్లలో వస్తాయి.

అయస్కాంతం బొమ్మ నొక్కి స్నాపింగ్ ఆన్ చేయండి, కొత్త పాయింటు దగ్గర్లోని పాత గీతకి అతుక్కుంటుంది. వెర్టెక్స్ (గీతలోని పాయింటు), సెగ్మెంట్ (రెండు పాయింట్ల మధ్య గీత) రెండూ ఎంచుకోండి, అతుక్కునే దూరం 12 పిక్సెళ్లు చాలు. గట్టు మధ్య గీస్తుంటే ఉమ్మడి అంచును రెండోసారి చేత్తో గీయొద్దు, ఎంత చేయి తిరిగినవాళ్లకైనా తేడా వస్తుంది. కీబోర్డులో టీ (T) నొక్కితే ట్రేసింగ్, అంటే ఉన్న గీత వెంటే గీయడం, ఆన్ అవుతుంది. గట్టు మొదట్లో ఒక క్లిక్కు, చివర్లో ఒక క్లిక్కు, మధ్య పాయింట్లు అవే వచ్చేస్తాయి. తప్పు పాయింటు పడితే బ్యాక్‌స్పేస్.

ఇక శుభ్రం చేయడం. చెక్ వాలిడిటీ నడిపితే తనను తానే దాటిన గీతలు బయటపడతాయి, ఎక్కువగా ఇరుకు మూలల్లో. ఫిక్స్ జామెట్రీస్ వాటిని సరిచేస్తుంది గానీ ఒక్కోసారి చెరువును రెండు ముక్కలు చేసి వదులుతుంది. నాలుగైదే ఉంటే వెర్టెక్స్ టూల్‌తో చేత్తో సర్దడమే నయం.

పక్కపక్క ఆకారాలు సరిగ్గా కలిశాయో లేదో చూసే టోపాలజీ చెకర్‌లో ఓవర్‌ల్యాప్ (ఒకదానిపై ఒకటి పడటం), గ్యాప్ (మధ్యలో ఖాళీ) రూల్స్ పెట్టండి. చుట్టూ చెరువులు మూసేసిన బోదెను (చిన్న కాలువను) కూడా అది గ్యాప్ అనే చూపిస్తుంది, టెన్షన్ పడి పూడ్చేయకండి.