చెరలో ఉన్న విశ్వాసి కోసం ప్రార్థించడం, ఉత్తరం రాయడం ఎలా?

"లోకంలో హింసలు పడుతున్న నీ బిడ్డలందరినీ జ్ఞాపకం చేసుకో ప్రభువా!" ఆదివారం ఆరాధనలో ఈ మాట మనందరికీ అలవాటే. అందులో తప్పేమీ లేదు. కానీ 'అందరినీ' అన్నప్పుడు ఎవరి ముఖమూ కళ్ళముందుకు రాదు. ఆమెన్ అనేసరికి మర్చిపోతాం. అందుకే నేను చెప్పేది ఒక్కటే: ఒక్క మనిషిని పేరుతో సహా పట్టుకోండి. ఆ మనిషి ఇల్లు చేరేదాకా వదలకండి.

1. ఒక్క పేరు ఎంచుకోండి

ఉదాహరణకు లేయా షరీబు. మన ఇళ్ళలోనూ వినిపించే పేరే. 2018 ఫిబ్రవరి 19న ఈశాన్య నైజీరియాలోని దాప్చి ఊళ్ళో బోకో హరామ్ అనే ఇస్లామిక్ తీవ్రవాద సంస్థలోని ఒక వర్గం ఒక బాలికల బడి మీద పడి 110 మంది పిల్లల్ని ఎత్తుకుపోయింది. నెల తిరిగేసరికి దాదాపు అందరినీ తెచ్చి వదిలేశారు. ఎత్తుకుపోతున్నప్పుడే కొందరు పిల్లలు దారిలో చనిపోయారు. లేయాను మాత్రం పంపలేదు. యేసును వదులుకుంటేనే పంపిస్తామన్నారు, ఆమె ఒప్పుకోలేదు. అప్పటికి ఆమెకు 14 ఏళ్ళు, మన లెక్కలో తొమ్మిదో తరగతి పిల్ల.

ఇలాంటి పేర్లు ఎక్కడ దొరుకుతాయంటే, అమెరికా ప్రభుత్వానికి సలహాలిచ్చే అంతర్జాతీయ మత స్వేచ్ఛ కమిషన్ తన వెబ్‌సైట్‌లో బాధితుల జాబితా పెడుతుంది. ఓపెన్ డోర్స్ సంస్థ ఏటా జనవరిలో క్రైస్తవులకు హింస ఎక్కువగా ఉన్న 50 దేశాల జాబితా ఇస్తుంది. ఒక నోట్‌బుక్ తీసుకుని పేరు, దేశం, తేదీ, ఏం జరిగింది, ఇప్పుడు ఎక్కడున్నారు అన్నవి రాసుకోండి. ఒక పేజీ చాలు.

2. వార్త నిజమో కాదో చూసుకోండి

"అఫ్గానిస్తాన్‌లో రేపు మధ్యాహ్నం 22 మంది మిషనరీలను చంపబోతున్నారు, వెంటనే అందరికీ పంపండి." ఈ మెసేజ్ మీకూ వచ్చే ఉంటుంది. ఏళ్ళ తరబడి తిరుగుతున్న అబద్ధం అది. 2007లో తాలిబన్లు 23 మంది కొరియా క్రైస్తవులను అపహరించి ఇద్దర్ని చంపిన మాట నిజమే. మిగతావాళ్ళు ఆ ఏడాది ఆగస్టులోనే విడుదలయ్యారు. తేదీ లేదు, పేరు లేదు, 'రేపు' అని మాత్రం ఉందంటే అనుమానించండి. ఒక్క అబద్ధం పంచితే, రేపు మనం నిజం చెప్పినా ఎవరూ నమ్మరు.

3. పేరు పలికి ప్రార్థించండి

ఆఫ్రికా దేశమైన ఎరిత్రియాలో 2002 నుంచి ఆర్థడాక్స్, క్యాథలిక్, లూథరన్ సంఘాలు తప్ప మిగతా చర్చిలన్నీ మూసేశారు. సువార్త గాయని హెలెన్ బెర్హానేను 2004 మేలో పట్టుకెళ్ళి మై సెర్వా సైనిక శిబిరంలో షిప్పింగ్ కంటైనర్‌లో పెట్టారు. మన విశాఖ పోర్టు దగ్గర లారీల మీద వెళ్ళే ఇనప పెట్టెలే అవి. పగలు పెనంలా కాలుతుంది, రాత్రి మంచులా చల్లబడుతుంది. లోపలివాళ్ళ ఊపిరి తేమ పైకప్పుకు పట్టి చుక్కలు చుక్కలుగా మీద పడుతుంది. ఇక మీద సువార్త పని చేయనని సంతకం పెడితే వదిలేస్తామన్నారు, ఆమె పెట్టలేదు. రెండేళ్ళు దాటాక 2006 చివర్లో విడుదలయ్యేటప్పటికి కాళ్ళు దెబ్బతిని వీల్‌చైర్‌లో ఉంది. తర్వాత డెన్మార్క్ ఆశ్రయమిచ్చింది.

ఇది తెలిశాక ప్రార్థనలో "బలపరచు ప్రభువా" అన్న ఒక్క మాటతో సరిపెట్టలేం. నీళ్ళ కోసం, నిద్ర కోసం, కాళ్ళ నొప్పి కోసం అడుగుతాం. కాపలా సైనికుడి మనసు కోసం, ఇంటి దగ్గరున్న పిల్లల కోసం అడుగుతాం. పేతురు చెరసాలలో ఉన్నప్పుడు సంఘం ప్రార్థించింది కూడా అతని కోసమే, పేరు పెట్టి.

శుక్రవారం ఉపవాస కూడికలోనో, స్త్రీల సమాజంలోనో ప్రార్థన అంశాల్లో ఆ పేరు చేర్చమని పాస్టర్ గారిని అడగండి. ఐదు నిమిషాలు చాలు, కానీ ప్రతి వారం ఉండాలి. నవంబరు మొదటి లేదా రెండో ఆదివారం హింసపాలైన సంఘం కోసం ప్రపంచమంతటా ప్రార్థన దినం చేస్తారు. ఆ రోజు మీరు ఎంచుకున్న మనిషి కథ సంఘానికి చెప్పండి.

4. ఉత్తరం రాయండి

చాలామంది ఇక్కడే ఆగిపోతారు, "మన ఉత్తరం ఎవరు చదువుతారులే" అని. ఒక్క ఉత్తరం పక్కకు పోవచ్చు. ఒకే పేరుతో వందలు వస్తుంటే ఆ మనిషి గురించి ప్రపంచానికి తెలుసని అధికారులకు అర్థమవుతుంది. హెలెన్ కోసం ఆమ్నెస్టీ ఇంటర్నేషనల్ అనే మానవ హక్కుల సంస్థ ఉద్యమం నడిపింది.

లేయా కోసమైతే న్యూఢిల్లీలోని నైజీరియా హై కమిషనర్ గారికి రాయాలి. కామన్వెల్త్ దేశాలకు హై కమిషన్ ఉంటుంది, ఎరిత్రియా లాంటి దేశాలకు రాయబార కార్యాలయం. ఇంగ్లీషులో, ఒక్క పేజీ మించకుండా రాయండి. సారాంశం ఇలా ఉండొచ్చు:

"గౌరవనీయులైన హై కమిషనర్ గారికి, నేను గుంటూరులో ఉంటున్న ఉపాధ్యాయురాలిని. 2018 ఫిబ్రవరి 19న దాప్చిలో అపహరణకు గురైన లేయా షరీబు గురించి రాస్తున్నాను. ఆమెను విడిపిస్తామని మీ అప్పటి దేశాధ్యక్షుడు 2018లో ఆమె తల్లికి మాట ఇచ్చారు. ఆ ప్రయత్నం ఎంతవరకు వచ్చిందో కుటుంబానికి తెలియజేయాలనీ, ఆమె క్షేమంగా ఇల్లు చేరేలా చూడాలనీ మనవి చేస్తున్నాను."

అంతే. తిట్లు వద్దు, బెదిరింపు వద్దు, వాక్యోపదేశం కూడా వద్దు. కావాలంటే 1948 నాటి విశ్వ మానవ హక్కుల ప్రకటనలో మత స్వేచ్ఛ గురించి చెప్పే 18వ అధికరణాన్ని ఒక వాక్యంలో గుర్తుచేయండి. స్పీడ్ పోస్ట్‌లో పంపి రసీదు నోట్‌బుక్‌లో అంటించుకోండి. ఒక కాపీ మీ ఎంపీకి పంపండి. పార్లమెంటులో విదేశాంగ శాఖను ప్రశ్న అడిగే హక్కు వాళ్ళకుంది. అమెరికా, బ్రిటన్‌లో ఉన్న తెలుగువాళ్ళు అక్కడి ప్రజాప్రతినిధికి రాయవచ్చు.

5. మేలు చేయబోయి కీడు చేయకండి

రహస్యంగా కూడుకునే విశ్వాసుల ఫోటోలు, ఊరి పేర్లు ఎక్కడా పెట్టకండి. ఖైదీకి నేరుగా ఉత్తరం రాసే ముందు ఆ కేసు చూస్తున్న సంస్థను అడగండి. కొన్నిచోట్ల విదేశీ ఉత్తరమే కొత్త నేరమవుతుంది. గల్ఫ్‌లో పనిచేస్తున్నవాళ్ళు అక్కడి చట్టం తెలుసుకోకుండా పోస్టులు పెట్టొద్దు.

ఇంకొకటి, నాకు అన్నిటికంటే ముఖ్యమైనది. ఈ బాధను పక్కింటి ముస్లిం మీద కోపంగా మార్చకండి. పాకిస్తాన్‌లో ఆసియా బీబీ కథ నీళ్ళ దగ్గర మొదలైంది. 2009లో పొలం పనిలో, క్రైస్తవురాలైన ఆమె ముట్టిన పాత్రలో నీళ్ళు తాగబోమన్నారు తోటి కూలీలు. మన ఊళ్ళలో రెండు గ్లాసుల పద్ధతి చూసినవాళ్ళకు ఇది వివరించనక్కర్లేదు. ఆ గొడవ దైవదూషణ కేసై 2010లో ఉరిశిక్ష దాకా వెళ్ళింది. ఆమె తరఫున మాట్లాడినందుకు 2011 జనవరిలో ప్రాణం పోగొట్టుకున్న పంజాబ్ గవర్నర్ సల్మాన్ తాసీర్ ముస్లిం. సుప్రీంకోర్టులో వాదించిన లాయర్ సైఫుల్ మలూక్ ముస్లిం. 2018 అక్టోబరు 31న ఆమెను నిర్దోషిగా ప్రకటించిన జడ్జీలూ ముస్లింలే. మీ ప్రార్థనలో అలాంటి లాయర్లకూ జడ్జీలకూ చోటివ్వండి.

6. తేదీలు గుర్తుపెట్టుకోండి

ఆసియా బీబీ బయటపడటానికి తొమ్మిదేళ్ళు పైనే పట్టింది. కాబట్టి క్యాలెండర్‌లో రెండు తేదీలు గుర్తుపెట్టుకోండి. లేయాను ఎత్తుకెళ్ళిన ఫిబ్రవరి 19 ఒకటి. ఉత్తరం ఆ రోజుకి ఢిల్లీ చేరేలా వారం ముందే పోస్టు చేయండి. జవాబు రాకపోతే ఆమె పుట్టినరోజు మే 14కి మళ్ళీ రాయండి.