డబ్బు తీసుకుని రీల్ చేస్తున్నారా? ముందు ఆ స్క్రిప్ట్ ఇలా చదవండి

రాజమండ్రిలో షాపుల వాళ్ళకి రీల్స్ రాసిపెట్టడం, ఎడిట్ చేసిపెట్టడం నా పని. చీరలు, పచ్చళ్ళు, ప్లాట్లు, కోచింగులు, ఏదొస్తే అది. నా దగ్గరికొచ్చే వ్లాగర్ పిల్లలు లైటింగ్ గురించి, మ్యూజిక్ గురించి, రేటెంత అడగాలన్న దాని గురించి గంటలకొద్దీ మాట్లాడతారు. రూల్స్ మాటెత్తితే మాత్రం "అవన్నీ హీరోలకి కదక్కా" అంటారు.

హీరోలకే కాదు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద, తప్పుదోవ పట్టించే ప్రకటనకి సరుకు అమ్మినవాళ్ళతో పాటు అది బాగుందని చెప్పినవాళ్ళూ జవాబుదారీ. ఎంతమంది ఫాలోయర్లున్నా సరే. సెంట్రల్ కన్స్యూమర్ ప్రొటెక్షన్ అథారిటీ, అంటే సీసీపీఏ, 10 లక్షల దాకా జరిమానా వేయొచ్చు. మళ్ళీ చేస్తే 50 లక్షల దాకా. ఏ వస్తువునీ ప్రమోట్ చెయ్యకూడదని ఏడాది పాటు ఆపొచ్చు, రెండోసారికి మూడేళ్ళు. అదే చట్టం 21వ సెక్షన్‌లో మనకి పనికొచ్చే మాట కూడా ఒకటుంది: చెప్పేది నిజమో కాదో ముందుగా తగినంత విచారించుకున్నవాళ్ళకి ఆ శిక్ష వర్తించదు. నా పద్ధతంతా దాని మీదే నిలబడింది. నోటితో చెప్పే ప్రతి మాటకీ ముందే చేతిలో ఒక కాగితం ఉండాలి.

మొదట తేల్చుకోవాల్సింది, మీరు చేస్తున్నది ప్రకటనా కాదా అని. "డబ్బులేం తీసుకోలేదక్కా, చీరే ఇచ్చారు" అన్న మాట వారానికోసారైనా వింటాను. చీరైనా, ఫ్రీ భోజనమైనా, రిసార్టులో రూమైనా, డిస్కౌంటైనా అందినట్టే లెక్క. షాపు మీ మేనమామదే అయినా అంతే, ఆ చుట్టరికం చూసేవాళ్ళకి తెలియాలి. 2023 జనవరిలో కేంద్రం ఇన్‌ఫ్లుయెన్సర్ల కోసం వేసిన చిన్న పుస్తకంలో ఇవన్నీ పేరుపేరునా ఉన్నాయి. మీరు సొంత డబ్బుతో కొనుక్కుని, ఎవరూ అడక్కుండా మెచ్చుకుంటే అది ప్రకటన కాదు. మిగతావన్నీ ప్రకటనలే అనుకోండి, గొడవ ఉండదు.

ప్రకటన అయితే ఆ సంగతి చెప్పాలి, అదీ కనపడేలా. క్యాప్షన్ చివర ముప్పై హ్యాష్‌ట్యాగుల మధ్య 'యాడ్' అని ఇరికిస్తే చెప్పినట్టు కాదు. "మోర్" నొక్కకుండానే కనపడే మొదటి రెండు లైన్లలో ఉండాలి. వీడియో తెలుగులో ఉంటే 'పెయిడ్ ప్రమోషన్' అనో 'ప్రకటన' అనో తెలుగు అక్షరాల్లోనే వేయండి, నోటితో కూడా ఒకసారి చెప్పండి. ఎంతసేపు ఉంచాలన్నది అడ్వర్టైజింగ్ స్టాండర్డ్స్ కౌన్సిల్, ఆస్కీ, 2021లో లెక్క కట్టి చెప్పింది. (ఇది ముంబైలో ప్రకటనల రంగం వాళ్ళు పెట్టుకున్నది.) 15 సెకన్లలోపు వీడియోకి కనీసం 3 సెకన్లు. 15 సెకన్లు దాటి రెండు నిమిషాల్లోపు అయితే మొత్తం నిడివిలో మూడో వంతు, అంటే 45 సెకన్ల రీల్‌కి 15 సెకన్లు. రెండు నిమిషాలు, అంతకు మించితే ఆ బ్రాండ్ గురించి మాట్లాడుతున్నంతసేపూ. యూట్యూబ్‌లో టిక్ పెడితే వచ్చే పెయిడ్ ప్రమోషన్ గుర్తు మొదటి పది సెకన్లే ఉంటుంది. మీరు బ్రాండ్ గురించి ఆరో నిమిషంలో మాట్లాడితే ఆ గుర్తు ఎవరికి పనికొచ్చింది? అందుకే నేను ఆ టిక్కూ పెడతాను, ఎడిటింగ్‌లో స్క్రీన్ మీద అక్షరాలూ వేస్తాను.

ఓనర్లు దీనికి మొహం చిట్లిస్తారు. "యాడ్ అని వేస్తే ఎవరు చూస్తారమ్మా?" అంటారు. చూస్తారు. బిర్యానీ బాగుంటే యాడ్ అని రాసినా జనం వెళ్ళి తింటారు. గుర్తు పెట్టడానికి ఒప్పుకోని ఓనరుకి అడ్వాన్స్ తిరిగిచ్చేయాల్సి వచ్చినా నాకు బాధ లేదు.

ఇక అసలు పని, స్క్రిప్ట్. వాట్సాప్‌లో వచ్చినదాన్ని నేను ప్రింట్ తీస్తాను, ఫోన్‌లో చదివితే కన్ను జారిపోతుంది. ఎర్ర పెన్నుతో, నిజమో అబద్ధమో తేల్చదగ్గ ప్రతి మాట కిందా గీత గీస్తాను. మునగాకు పొడి అమ్మేవాళ్ళు పంపిన ఇలాంటి స్క్రిప్ట్ చూడండి:

"నెల రోజులు వాడితే షుగర్ కంట్రోల్లోకి వచ్చేస్తుంది. కీళ్ళవాతం మాయం. డాక్టర్లు కూడా ఇదే చెప్తున్నారు. నూటికి నూరు శాతం ప్యూర్. ఈ రోజే ఆర్డర్ చేస్తే ఇంకో ప్యాకెట్ ఫ్రీ, ప్యాకింగ్ చార్జీలు ఇస్తే చాలు."

మొదటి వాక్యానికి ఏ కాగితం తెచ్చినా లాభం లేదు. ఆహార పదార్థం జబ్బు తగ్గిస్తుందని చెప్పడానికే వీల్లేదు, ఆహార భద్రత చట్టం 53వ సెక్షన్ కింద తప్పుదోవ పట్టించే ప్రకటనకి 10 లక్షల దాకా జరిమానా ఉంది. "అయితే ఆయుర్వేదం అని వేద్దాం" అంటారు వెంటనే. అప్పుడు 1954 నాటి మ్యాజిక్ రెమెడీస్ చట్టం ఎదురొస్తుంది. మందు పేరుతో నయం చేస్తామని ప్రచారం చెయ్యకూడని జబ్బుల పట్టిక దాంట్లో ఉంది. మధుమేహం ఉంది, కీళ్ళవాతం ఉంది, క్యాన్సర్ ఉంది. కాబట్టి రెండు వాక్యాలూ కొట్టెయ్యడమే.

మూడోది. ఏ డాక్టర్లు? పేరు లేదు, ఊరు లేదు. కొట్టెయ్. తెల్లకోటు వేసుకుని నటించడం అంతకన్నా చేటు. 'ప్యూర్' అన్నదానికి ల్యాబ్ రిపోర్ట్ అడుగుతాను, అదీ ఈ బ్యాచ్‌ది. లేకపోతే "ఇందులో మునగాకు తప్ప ఇంకేమీ కలపలేదు" అని ఓనరు నాకు రాసి సంతకం పెట్టాలి, ప్యాకెట్ మీద పదార్థాల పట్టికా అదే చెప్పాలి. చివరిది చాలామందికి తెలియదు. 2022 జూన్‌లో వచ్చిన సీసీపీఏ మార్గదర్శకాల ప్రకారం ప్యాకింగ్ ఖర్చు, హ్యాండ్లింగ్ ఖర్చు వసూలు చేస్తూ 'ఫ్రీ' అనకూడదు. డెలివరీకి నిజంగా అయ్యే ఖర్చు తీసుకోవచ్చు, అది కూడా ముందే చెప్పి.

అన్నీ తీసేశాక మిగిలినది ఇది: "ఇది పెయిడ్ ప్రమోషన్. ఈ మునగాకు పొడిని నేను రెండు వారాలుగా పప్పులో, ఇడ్లీల మీద వేసుకుని తింటున్నాను. కొంచెం చేదు ఉంది, నెయ్యితో తింటే తెలియదు. పావుకిలో ఇంత, డెలివరీకి ఇంత. ప్యాకెట్ వెనక ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నంబర్ ఉంది, చూసుకోండి." రెండు వారాలు తిన్నానని చెప్పాలంటే నిజంగా తినాలి మరి. మీ అభిప్రాయం మీదే అయి ఉండాలని, అది వాడి చూసో తగిన సమాచారం తెలుసుకునో చెప్పాలని రూలే ఉంది. ఉదయం పార్సిల్ విప్పి సాయంత్రానికి "నా జుట్టు చూడండి" అంటే కుదరదు. జుట్టు, చర్మం ప్రోడక్టులకైతే ఫలితాన్ని ఎక్కువ చేసి చూపించే ఫిల్టర్లూ వాడొద్దు.

ప్లాట్ల వీడియోలకి ఒకటే ప్రశ్న: రెరా, అంటే రియల్ ఎస్టేట్ చట్టం కింద వచ్చే రిజిస్ట్రేషన్ నంబర్ ఎంత? 500 చదరపు మీటర్లు దాటిన వెంచర్‌కి రిజిస్ట్రేషన్ లేకుండా ప్రకటనే ఇవ్వకూడదు, ఇచ్చే ప్రకటనలో ఆ నంబరూ రెరా వెబ్‌సైటూ ఉండాలి. ఆ రిజిస్ట్రేషన్ రాకముందే 'ప్రీ లాంచ్ ఆఫర్' అని వచ్చినవాళ్ళని నేను కూర్చోబెట్టి టీ ఇచ్చి పంపించేస్తాను. అమ్మిన ప్లాటుకింత అని కమిషన్ మాట్లాడుకున్న వ్లాగర్ అయితే ఇంకా జాగ్రత్త. కొనేవాళ్ళనీ అమ్మేవాళ్ళనీ ఏ మాధ్యమం ద్వారా కలిపినా ఆ చట్టం దృష్టిలో ఏజెంటే, ఏజెంటుకీ రిజిస్ట్రేషన్ కావాలి.

కోచింగ్ సెంటర్ ర్యాంకుల పోస్టర్ చేస్తుంటే, ర్యాంకు వచ్చాక ఆ అభ్యర్థి రాసిచ్చిన అనుమతి చూడండి. ఏ కోర్సు, ఎన్నాళ్ళు చదివారో పక్కనే వేయండి. ఉత్తి మాక్ ఇంటర్వ్యూకి వచ్చినవాళ్ళ ఫొటో వేసుకునే అలవాటుకి 2024 నవంబర్ మార్గదర్శకాలు అడ్డుకట్ట వేశాయి. "రూపాయికే చీర" లాంటి ఆఫర్లకి ఎన్ని చీరలున్నాయో అడిగి, స్టాకు పరిమితమైతే ఆ మాట అదే సైజు అక్షరాల్లో వేయండి. షేర్ల టిప్స్ అయితే, షేర్ మార్కెట్‌ని నియంత్రించే సెబీ దగ్గర రిజిస్ట్రేషన్ లేనివాళ్ళ జోలికి పోకండి.

బెట్టింగ్ యాప్‌కి కాగితాలు అడగడం కూడా దండగ. 2025 మార్చిలో ఇలాంటి ప్రమోషన్ల మీదే హైదరాబాద్‌లో పోలీసులు యూట్యూబర్ల మీదా నటుల మీదా కేసులు పెట్టారు. ఆ ఆగస్టులో పార్లమెంటు చేసిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టంలో డబ్బు పెట్టి ఆడే ఆటల ప్రకటనలకి రెండేళ్ళ దాకా జైలు, 50 లక్షల దాకా జరిమానా, లేదా రెండూ.

ఒక్కో ప్రమోషన్‌కి ఒక ఫోల్డర్ పెట్టుకోండి. ఓనరు పంపిన స్క్రిప్ట్, మీరు గీతలు గీసిన కాపీ, రిపోర్టులు, బిల్లు, వాట్సాప్ సంభాషణ, చివరికి పోస్ట్ చేసిన వీడియో. "విచారించుకున్నాను" అని చూపించాల్సి వస్తే చూపించేది ఇదే.

ప్రకటనతో మిమ్మల్నే ఎవరైనా మోసం చేస్తే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి, తెలుగులో మాట్లాడొచ్చు. జిల్లా కలెక్టర్‌కి కూడా రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వొచ్చు, చట్టంలోనే ఉంది. ఆస్కీకి జరిమానా వేసే అధికారం లేదు గానీ ప్రకటన తీయించమని, మార్చమని చెప్తుంది. ఎక్కడికి వెళ్ళినా ముందు స్క్రీన్ రికార్డింగ్ తీసిపెట్టుకోండి, అందులో పేజీ పేరు, తేదీ, లింకు కనపడాలి. స్టోరీ అయితే 24 గంటల్లో మాయమవుతుంది, కాబట్టి కామెంట్లలో పోట్లాట పెట్టుకోవడం ఆ తర్వాత.